క్రీడా ఛాయాచిత్రణము – దూరచాలక కెమెరాల చరిత్ర

ఉపోద్ఘాతము

ఛాయాచిత్ర కళ 1839 వ సంవత్సరమున పారిసు నగరమునందు లోకమునకు వెల్లడియైనది. ఆనాటినుండి కెమెరా ముందు రాజులు కదలక కూర్చుండిరి. కోటలును గోపురములును సహజముగనే కదలక నిలిచినవి. కాని క్రీడ మాత్రము ఆ యంత్రమునకు చిరకాలము లొంగలేదు. పరుగెత్తువాడు పటము కొఱకు ఆగడు. ఎగిరిన బంతి మఱల అదే విధముగ ఎగురదు. కనుక క్రీడను చిత్రించుటకు మానవుడు క్రొత్త లెన్సులను, క్రొత్త షట్టరులను, తుదకు తాను నిలువజాలని చోట తన బదులు నిలిచి పనిచేయు కెమెరాలను కల్పించుకొనవలసి వచ్చినది.

ఈ పరిణామమును స్థూలముగ మూడు ఘట్టములుగ విభజింపవచ్చును. దూరమును జయించుట మొదటిది. క్షణమును నిలుపుట రెండవది. కెమెరాను మనిషి చేతినుండి విడదీయుట మూడవది. దూరమునుండి మీట నొక్కి పనిచేయించు కెమెరాను ఈ వృత్తివారు ‘రిమోటు’ అని వ్యవహరింతురు. లెన్సునకు కటకమనియు, షట్టరునకు కవాటమనియు మన పాఠ్యగ్రంథములలో పేర్లున్నను, వాడుకలో స్థిరపడిన మాటలనే ఇచట గ్రహించితిని.

బీదరును ఆనుకొనియున్న నౌబాదులో తెలుగు బోధించు ఉపాధ్యాయునకు ఈ విషయముతో నేమి పని యని కొందఱు అడుగవచ్చును. మా ప్రాంతము 1956 నవంబరు 1 వఱకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ రాష్ట్రపు ఛాయాచిత్ర చరిత్రలో మాకును పాలు కలదు. అంతకన్న ముఖ్యమైన కారణము వేఱొకటి యున్నది. ఒక సమాజము తన ఆటగాండ్రను ఎట్లు జ్ఞాపకముంచుకొన్నదో తెలియవలెనన్నచో, ఆ ఆటలను పట్టిన యంత్రమునకు ఎంత శక్తి యుండెనో తెలియవలెను. యంత్రము చేరని చోట జరిగిన ఆట పటమునకు ఎక్కదు. పటమునకు ఎక్కనిది రెండు తరములు గడచునప్పటికి జ్ఞాపకమునుండియు జారిపోవును. భాషచేత అల్పసంఖ్యాకులైన మావంటివారికి ఈ సంగతి త్వరగా బోధపడును.

ఆట ముగిసిన పిమ్మట తీసిన పటములు

దక్కను దేశమున ఛాయాచిత్ర చరిత్ర చెప్పబూనినవారు రాజా దీన్ దయాళ్ పేరు తలపక ముందునకు సాగజాలరు. ఆయన 1844 లో మీరటు సమీపమందలి సర్ధనాలో జన్మించెను. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులో ప్రజాపనుల శాఖయందు నక్షాలు గీయు ఉద్యోగము చేసెను. 1870 ల నడుమ ఛాయాచిత్రణము చేపట్టి, 1880 ల నడుమ హైదరాబాదు చేరి, ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. సికింద్రాబాదులోని ఆయన చిత్రశాల దేశమెల్లెడల ప్రసిద్ధి కెక్కినది. 1892 లో స్త్రీల కొఱకు ప్రత్యేకముగ జనానా చిత్రశాలను నెలకొల్పెను. నిజాము ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ అను బిరుదమొసంగెను. 1905 లో ఆయన కాలధర్మము చెందెను.

ఆయనకు ముందు తరమువారు తడి కొలోడియను పద్ధతిని వాడిరి. అందు గాజు పలకకు మందు పూసి, అది ఆఱకముందే పటము తీసి, వెంటనే చీకటి గుడారములో కడుగవలెను. 1871 లో ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ లీచ్ మాడక్సు జిలటిను పూసిన పొడి పలకను ప్రకటించెను. దీన్ దయాళ్ హైదరాబాదునకు వచ్చునాటికి ఈ పొడి పలకలు అంగడిలో లభించుచుండెను. వీని వలన సిద్ధముగనున్న పలకలతో సైనిక విన్యాసములకు, వేట బిడారములకు పోవుట సాధ్యమైనది. ఐనను కెమెరా పెద్దది, గాజు పలకలు బరువైనవి, ముక్కాలి పీట లేనిదే పని జరుగదు. ఒక పటము తీసిన పిమ్మట పలక మార్చుటకు వ్యవధి కావలెను.

కాబట్టి నాటి పటములలో పోలో జట్టులు కానవచ్చును గాని పోలో ఆట తఱచుగ కానరాదు. 1902 ఏప్రిలులో ఓరుగల్లు ప్రాంతమందలి నెక్కొండ చెంత వైస్రాయి కర్జను దంపతులు పులివేట జరిపినపుడు దీన్ దయాళ్ సంస్థ తీసిన పటము సుప్రసిద్ధము. అందు పులి నేలపై పడియున్నది; వేటగాడు దాని ప్రక్కన నిలిచియున్నాడు. పొద మాటునుండి పులి లేచిన క్షణము, తుపాకి పేలిన క్షణము, పరుగిడిన ఏనుగుల కలకలము, తెఱలు వాయించినవారి కేకలు – ఇవి యేవియు పటములో లేవు. కెమెరా పట్టినది వేట ఫలమును మాత్రమే. వేటలో అసలు శ్రమపడిన గ్రామస్థులు, మృగము జాడ పట్టిన కోయలు, చెంచులు మొదలగు అడవి జనులు ఆ విధముగ చరిత్రకు పేరులేనివారైరి.

ఈ సంప్రదాయము మన పాఠశాలల గోడలపై నేటికిని చూడవచ్చును. కప్పును నడుమ నుంచుకొని, చేతులు మోకాళ్ళపై పెట్టుకొని, కంటిఱెప్ప వేయక కూర్చున్న జట్టు. వెనుక వరుసలో నిలిచిన ఉపాధ్యాయులు. ఎవరు గెలిచిరో ఆ పటము చెప్పును. ఎట్లు గెలిచిరో చెప్పదు. ఓడినవారి మాట యెత్తనే యెత్తదు.

గుఱ్ఱము త్రెంచిన దారములు

దీన్ దయాళ్ హైదరాబాదు చేరుటకు కొన్ని యేండ్ల ముందు అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక విచిత్రమైన ప్రయోగము జరిగినది. లీలండ్ స్టాన్ ఫర్డు అను ధనికుడు పందెపు గుఱ్ఱములను పెంచుచుండెను. గుఱ్ఱము పరుగెత్తునపుడు నాలుగు డెక్కలును ఒక్కమారు నేలను విడుచునా అనునది ఆనాటి చర్చ. కంటికి అది అందదు. ఈ సందేహమును తీర్చుటకు ఆయన ఎడ్వర్డ్ మైబ్రిడ్జి అను ఛాయాచిత్రకారుని నియోగించెను.

1878 జూను మాసమున పాలో ఆల్టోలోని పరుగుబాట వెంబడి మైబ్రిడ్జి పండ్రెండు కెమెరాలను సమదూరమున వరుసగ నిలిపెను. బాటకడ్డముగ సన్నని దారములను కట్టెను. ఎదుట తెల్లని తెర నిలిపి వెలుగును పెంచెను. గుఱ్ఱము పరుగున వచ్చి ఒక్కొక్క దారమును త్రెంచినంతనే, దానికి తగిలించిన విద్యుదయస్కాంతపు మీట ఆ కెమెరా షట్టరును విడిచినది. పండ్రెండు పటములు వరుసగ పడినవి. నాలుగు డెక్కలును నేలను విడుచుట నిజమని తేలినది. చిత్రకారులు అంతవఱకు వ్రాయుచువచ్చినట్లు కాళ్ళు ముందునకును వెనుకకును చాచినపుడు గాక, అవి పొట్టక్రింద ముడుచుకొన్నపుడే గుఱ్ఱము గాలిలో నుండునని కూడ తేలినది.

క్రీడా ఛాయాచిత్రణమునకు రిమోటు పద్ధతి ఇచటనే పుట్టినదని చెప్పవచ్చును. నేటి వృత్తివారు పాటించు మూడు సూత్రములును ఈ ప్రయోగమునందే యున్నవి. పటము తీయు క్షణమున మనిషి చేయి కెమెరాపై లేదు. సంఘటన యెచట జరుగునో ముందే నిర్ణయించి కెమెరాను అచట నిలిపిరి. ఒక కెమెరా చాలనిచోట పలు కెమెరాలను వాడిరి. తరువాతి నూటనలుబది యేండ్లలో దారము పోయి తీగ వచ్చెను, తీగ పోయి రేడియో తరంగము వచ్చెను. సూత్రములు మాత్రము మాఱలేదు.

దూరమును జయించుట

గుఱ్ఱపు బాట ప్రక్కన కెమెరా నిలుపవచ్చును. ఆట నడుచుచుండగ క్రికెట్టు మైదానము నడుమకు పోయి నిలుచుట కుదురదు. ఛాయాచిత్రకారుని స్థానము హద్దుగీతకు వెలుపలనే. బ్యాటు పట్టినవాడు అచటికి దాదాపు 80 మీటరుల దూరమున నుండునని తలచుదము. 35 మిల్లీమీటరుల ఫిలిముపై సామాన్యమైన 50 మిల్లీమీటరుల లెన్సుతో పటము తీసినచో, ఆఱడుగుల మనిషి బొమ్మ ఫిలిముపై ఒక మిల్లీమీటరునకు కొంచెము మించి యుండును. అనగా ఆవగింజంత. అందు ముఖమును గుర్తించుట దైవమునకే సాధ్యము. అదే దూరమునుండి 600 మిల్లీమీటరుల లెన్సు వాడినచో చట్రములో పట్టు వెడల్పు 5 మీటరులకు లోబడును. అపుడు ఆటగాడు, వికెట్లు, వెనుకనున్న వికెట్ కీపరు చట్రమును నింపుదురు.

ఇట్టి పొడవైన లెన్సును పొట్టి గొట్టములో అమర్చు టెలిఫోటో నిర్మాణమును 1891 ప్రాంతమున ఇంగ్లండులో డాల్మేయరు, జర్మనీలో మీథె, స్టైన్ హైలులు ఇంచుమించు ఒకేకాలమున వేర్వేఱుగ రూపొందించిరి. 1936 నాటి బెర్లిను ఒలింపిక్సు క్రీడల పేరిట జైసు సంస్థ 180 మిల్లీమీటరుల సోనారు లెన్సును వెలువరించినది. లెన్సు పొడవు పెరిగినకొలది ఒక దోషమును పెరుగును. ఎఱుపు, నీలి కిరణములు ఒకే చోట కూడక పటపు అంచులను మసకబాఱించును. దీనిని తగ్గించుటకు ఫ్లోరైటు స్ఫటికమును వాడి కానను సంస్థ 1969 లో 300 మిల్లీమీటరుల లెన్సును తెచ్చినది. నేడు మైదానపు అంచున తెల్లని గొట్టములవలె కనబడు 400, 600 మిల్లీమీటరుల లెన్సులు ఆ వంశమునకు చెందినవే. 400 మిల్లీమీటరుల పెద్ద లెన్సు పూర్వము అయిదు కిలోగ్రాములకు మించి తూగెడిది. నేడు మూడింటికి లోబడినది. ఒంటికాలి ఊతకఱ్ఱ లేక దానిని దినమంతయు మోయుట నేటికిని కష్టమే.

ఈ దూరపు సమస్య మన క్రీడాచరిత్రపై వేసిన ముద్రను గమనింపవలెను. తెలుగు కుటుంబమునకు చెందిన సి. కె. నాయుడు 1895 లో నాగపురమున జన్మించెను; 1932 లో లార్డ్సు మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకుడయ్యెను. 1926 లో బొంబాయి జింఖానా మైదానమున ఎం.సి.సి. జట్టుపై ఆయన చేసిన 153 పరుగులలో పదునొకండు సిక్సరులున్నవి. ఆ సిక్సరులు తరతరములుగ మనకు మాటలలోనే అందినవి. చూచినవారు చెప్పగా విన్నవారు చెప్పగా, అవి యిప్పటికి పురాణములైనవి.

హైదరాబాదు ఫతే మైదానమున 1955 నవంబరులో తొలి టెస్టు ఆట జరిగినది. న్యూజిలాండు జట్టుపై పాలీ ఉమ్రీగరు 223 పరుగులు చేసెను. టెస్టులలో భారతీయుని తొలి ద్విశతకము అదియే. మన తాతల తరమువారు అట్టి ఘట్టములను మదరాసునుండి వెలువడిన ‘స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్’ వంటి పత్రికలలోని పటముల ద్వారా చూచిరి. ఆంగ్లము రానివారును పటములకై ఆ సంచికలను సేకరించిరి. 1947 లో ఆరంభమైన ఆ పత్రిక 1968 లో నిలిచిపోయినది. 1978 లో వచ్చిన ‘స్పోర్ట్‌స్టార్’ ఆ స్థానమును పూరించినది.

క్షణమును నిలుపుట

దగ్గఱగ చూపుటతోనే పని తీరదు. వేగముగ వేయు బంతి గంటకు 140 కిలోమీటరుల వేగమున వచ్చుననుకొందము. అది సెకనులో 250 వ వంతు కాలమున 15 సెంటీమీటరులకు పైగా జరుగును. బంతి వ్యాసము 7 సెంటీమీటరులే గనుక ఆ వేగముతో తీసిన పటమున బంతి గీతవలె కనబడును. వెయ్యవ వంతున 4 సెంటీమీటరులు జరుగును. నాలుగు వేలవ వంతున సెంటీమీటరు మాత్రమే జరుగును గనుక అపుడు బంతి బంతిగా కనబడును. షట్టరును ఫిలిము ముందరనే నిలిపి, సన్నని చీలికను వేగముగ నడపు పద్ధతిని 1880 ల తుదిలో జర్మనీకి చెందిన ఆటోమార్ అన్షుట్జు ప్రచారమునకు తెచ్చెను. దాని వలననే వెయ్యవ వంతు కాలము చేతి కందినది.

వేగము పెరిగినపుడు వెలుగు తగ్గును. వెలుగు చాలవలెనన్నచో లెన్సు నోరు పెద్దదిగ నుండవలెను. నోరు పెద్దదైనచో స్పష్టముగ పడు భాగము లోతు తగ్గును. కేంద్రీకరణము వెండ్రుకవాసి తప్పినను ఆటగాని ముఖము మసకబాఱి వెనుకనున్న ప్రేక్షకుడు స్పష్టముగ పడును. ఈ మూడింటి నడుమ తూకము నిలుపుటయే ఈ వృత్తిలోని నిత్యసమస్య.

తరువాతి మెట్టు మోటారు. 1959 లో వచ్చిన నికాను ఎఫ్ కెమెరాకు ఫిలిమును తానుగ లాగు మోటారును జోడింపగలిగిరి. 1972 నాటి ఒలింపిక్సు కొఱకు కానను సంస్థ సెకనునకు తొమ్మిది పటములు తీయు ప్రత్యేక కెమెరాను సిద్ధపఱచినది. ఇచట ఒక చిక్కు కలదు. ఫిలిము చుట్టలో ముప్పదియాఱు పటములే యుండును. తొమ్మిదేసి చొప్పున తీసినచో నాలుగు సెకనులలో చుట్ట ఖాళీయగును. మఱియొక చుట్ట ఎక్కించునంతలో వికెట్టు పడవచ్చును. అంతేగాక రెండు పటముల నడుమ బంతి నాలుగు మీటరులకు పైగా ప్రయాణించును. బ్యాటును తాకిన క్షణము ఆ సందులో జాఱిపోవచ్చును. 2023 లో ప్రకటింపబడిన సోనీ కెమెరా యొకటి సెకనునకు 120 పటములు తీయును. అపుడు సైతము రెండు పటముల నడుమ బంతి ముప్పది సెంటీమీటరులు జరుగును. కనుక కేవలము వేగమును నమ్మినవానికి నేటికిని ఆ క్షణము దొరకునన్న నిశ్చయము లేదు.

మనిషి మీట నొక్కనవసరము లేని యంత్రము మఱియొకటి ఇచటనే పేర్కొనదగినది. అది పరుగుపందెము తుదిగీత వద్దనుండు ‘ఫోటో ఫినిష్’ కెమెరా. అందు షట్టరునకు బదులు సన్నని నిలువు చీలిక యుండును. ఫిలిము దాని వెనుక ఎడతెగక నడచును. కావున ఆ పటము ఒకే స్థలమును, అనగా తుదిగీతను, వేర్వేఱు కాలములలో చూపును. పటమున ఎడమనుండి కుడికి పోవునది దూరము గాక కాలము. 1948 నాటి లండను ఒలింపిక్సునకు ఈ చీలిక కెమెరా సిద్ధమైనది. 1984 లాస్ ఏంజిలెసులో 400 మీటరుల హర్డిలు పందెమున పి. టి. ఉష 55.42 సెకనులలో పరుగు ముగించి, 55.41 సెకనుల రుమేనియా వనితకు కంచు పతకమును కోల్పోయెను. సెకనులో నూఱవ వంతు కాలమున పరుగెత్తువారు జరుగు దూరము జానెడు కూడ ఉండదు. కంటికి అందని ఆ యంతరమును యంత్రము పట్టినది. దేశమంతయు దానిని నమ్మి దుఃఖించినది.

కెమెరా మనిషిని విడిచిన విధము

పాత చిత్రశాలలలో రబ్బరు బుడ్డి యుండెడిది. దానిని నొక్కగా గొట్టములోని గాలి పోయి షట్టరును విడిచెడిది. చేతికిని కెమెరాకును నడుమ కొన్ని అడుగుల ఎడము అట్లు ఏర్పడినది. మోటారు వచ్చిన పిమ్మట ఆ యెడము మైదానమంతయు వ్యాపించినది. ఒకమారు నిలిపిన కెమెరా తానే ఫిలిమును లాగుకొనును గనుక, మనిషి దాని దగ్గఱ నుండనవసరము లేకపోయెను.

ఈ పద్ధతికి జగత్ప్రసిద్ధమైన ఉదాహరణము 1966 నవంబరు 14 వ తేదీన అమెరికాలోని హ్యూస్టను నగరమున లభించినది. మహమ్మదలీ, క్లీవ్లండ్ విలియమ్సుల ముష్టియుద్ధము ఆస్ట్రోడోమ్ అను కప్పుగల మైదానమున జరిగినది. నీల్ లైఫరు అను ఛాయాచిత్రకారుడు ముందే దీపముల చట్రమునకు, రంగస్థలము మీద దాదాపు 80 అడుగుల ఎత్తున, హాసెల్‌బ్లాడ్ కెమెరాను క్రిందికి చూచునట్లు బిగించెను. తాను మాత్రము రంగస్థలపు అంచున కూర్చుండెను. విలియమ్సు చేతులు చాపుకొని వెల్లకిల పడెను. అలీ చేతు లెత్తి ప్రక్కకు నడచెను. లైఫరు మీట నొక్కెను. చదరపు రంగస్థలము, దాని చుట్టును చీకటిలో జనము, ఒక మూల పడినవాడు, వేఱొక మూలకు పోవువాడు – రంగవల్లివలె అమరిన ఆ దృశ్యమును అచట నేలపై నున్నవా డొక్కడును చూడలేదు. విశేష మేమనగా, పటము తీసిన లైఫరు ఆ పటములోనే ఒక అంచున కానవచ్చును.

1990 ల నుండి పాకెట్ విజార్డు వంటి రేడియో మీటలు వాడుకలోనికి వచ్చి, తీగల బెడదను తొలగించినవి. నేటి పద్ధతి స్థూలముగ ఇట్లుండును. ఛాయాచిత్రకారుడు ప్రేక్షకులు రాకముందే, కొన్ని గంటల పూర్వము మైదానము చేరును. ఫుట్‌బాలైనచో గోలు వల వెనుక నేలపై, బాస్కెట్‌బాలైనచో గాజు పలక వెనుక, గుఱ్ఱపు పందెమైనచో కంచె క్రింద, ఈతయైనచో కొలను అడుగున కెమెరాను నిలుపును. ఉక్కు పట్టులతో బిగించి, ఎత్తైన చోట్ల అదనముగ ఉక్కు త్రాటితో కట్టును. పట్టు వదలినను కెమెరా ఆటగాని తలపై పడరాదు గదా. కేంద్రీకరణము తానుగ మాఱకుండ చేతితో నిలిపి, లెన్సుపై గుడ్డపట్టీ అంటించును. వెలుగు కొలతను స్థిరపఱచును. ఇతరుల మీటలు తన కెమెరాను కదల్పకుండ, తనది ఇతరులకు అడ్డురాకుండ, రేడియో మార్గమును ఎన్నుకొనును. పరీక్షకై కొన్ని పటములు తీసి వెడలిపోవును. ఆట మొదలైన పిమ్మట దానిని తాకుటకు వీలుండదు. ధూళి పడినను, బంతి తగిలి చట్రము ప్రక్కకు తిరిగినను, విద్యుత్కోశము తఱగిపోయినను చేయగలిగిన దేమియు లేదు.

ఆట నడుచునపుడు అతని చేతిలో పొడవైన లెన్సుగల కెమెరా యుండును. దాని నెత్తిన రేడియో ప్రసారిణి యుండును. అతడు చేతిలోని కెమెరా మీట నొక్కినపుడెల్ల గోలు వెనుకనున్న రిమోటును పనిచేయును. ఒకే గోలు రెండు దిక్కులనుండి, రెండు స్వభావములతో పటమునకు ఎక్కును. ఒకదానిలో బంతి తన్నినవాని ముఖము. రెండవదానిలో చేతులు చాచి గాలిలో తేలుచున్న గోలు కీపరు, వానిని దాటి మనమీదికే వచ్చుచున్న బంతి.

2012 లండను ఒలింపిక్సు నాటికి వార్తాసంస్థలు కప్పుక్రింద యంత్రపు మెడపై అమర్చిన కెమెరాలను తెచ్చినవి. దూరముననున్న గదిలో కూర్చుండి, తెరపై చూచుచు, కెమెరాను అన్ని దిక్కులకును త్రిప్పి, దగ్గఱకు లాగి, పటము తీయవచ్చును. మునుపటి రిమోటు ఒకే చోటును చూచెడిది. ఈ క్రొత్త యంత్రము మనిషి చూపును అనుసరించును. బాడ్మింటను వంటి ఆటలలో ఆటగాండ్ర కన్నులకు ఇబ్బంది యగునని మెఱుపు దీపములు నిషిద్ధములు. కావున పైనుండి చూచు రిమోటులకు అచట ప్రత్యేకమైన ప్రయోజనము కలదు. 2016 లో రియోలో పి. వి. సింధు రజత పతకము గెలిచిన ఒలింపిక్సునందును కప్పుక్రింది కెమెరాలు పనిచేసినవి. దానికి పదునాఱేండ్ల ముందు, 2000 సెప్టెంబరులో సిడ్నీయందు, శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లేశ్వరి 110, 130 కిలోగ్రాములు ఎత్తి, మొత్తము 240 కిలోగ్రాములతో కంచు పతకమును సాధించెను. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఫిలిము తఱిగి డిజిటలు కెమెరా హెచ్చుచున్న సంధికాలమది. ముందటేడు, అనగా 1999 లో, నికాను డి1 వెలువడినది. మూడు నిమిషములు గడవకముందే పటము ఖండాంతరములు దాటు కాలము అట్లు ఆరంభమైనది.

యంత్రమునకు ముందున్న బుద్ధి

మా నౌబాదు నేలక్రింద బహమనీ సుల్తానుల కాలమునాటి కఱేజు కలదు. భూమిలోని ఊటను కనిపెట్టి, నీరు తనంత తాను జాఱునట్లు వాలు లెక్కించి, సొరంగమును త్రవ్వి, గాలికిని వెలుగునకును అచ్చటచ్చట నిలువు బావులు దింపిరి. నీరు పాఱు వేళ అచట దానిని నడపువాడు లేడు. త్రవ్వకముందే లెక్కించిన బుద్ధి మాత్రము అందు నిలిచియున్నది.

రిమోటు కెమెరా విషయమును అట్టిదే. పటము తీయు క్షణమున ఛాయాచిత్రకారుడు అచట లేడు. అతని ఊహ అచట ముందే చేరియున్నది. ఆట ఎచట ఫలించునో తెలియనివానికి వంద రిమోటులున్నను ఫలము లేదు. మన కబడ్డీనే తీసికొందము. కూతకు పోయినవాడు ఎటు తిరిగినను, ఎందఱు పట్టినను, తుదకు నడిగీతను తాకుటకు చేయి చాచవలసినదే. కనుక నడిగీత చివర, నేలకు జానెడెత్తున, ఆ గీత పొడవునే చూచునట్లు కెమెరా నిలిపినవానికి ఆ చాచిన చేయి, వెనుక కాళ్ళు పట్టిన నలుగురు, లేచిన దుమ్ము – అన్నియు ఒక్క చట్రమున దొరకును. ఖో-ఖోలో ఆ స్థానము కొయ్య స్తంభము దగ్గఱ. ఈ రహస్యము లెన్సులను అమ్మువానికన్న ఆట ఆడినవానికే బాగుగ తెలియును.

ఇప్పుడు చేయవలసినది

వార్తాసంస్థల పరికరముల వెల సామాన్యునకు అందునది కాదు. కాని సూత్రము అందఱిది. నేడు ప్రతియింట చేతి ఫోను కలదు. దానిని ముక్కాలి పీటపై నిలిపి, కొన్నివందల రూపాయలకు దొరకు చిన్న మీటతో దూరమునుండి పటము తీయవచ్చును. మైబ్రిడ్జికి పండ్రెండు కెమెరాలు, తెల్లని తెర, ధనికుని ఆదరము కావలసి వచ్చినవి. మన పిల్లలకు ఒక బెత్తెడు స్థలము, కొంచెము ఆలోచన చాలును. వార్షిక క్రీడోత్సవమున బహుమతి ప్రదానమును నూఱు పటములు తీయు మనము, పరుగు తుదిగీత వద్ద ఒక్క ఫోనును నిలుపుచున్నామా? పరుగున నాలుగవదిగ వచ్చిన బాలిక ముఖమున ఆ క్షణమున వెలిగిన పట్టుదల బహుమతి వేదికపై కనబడదు.

రెండవ కర్తవ్యము మఱింత ముఖ్యమైనది. పూర్వము పటములు కొఱవడి జ్ఞాపకము నశించినది. ఇప్పుడు పటములు వేలకొలది యున్నను పేరులేక నశించుచున్నది. ఎవరిదో, ఏ యూరిదో, ఏ సంవత్సరమో తెలియని పటము ఏబదియేండ్లకు అంగడిలోని బొమ్మతో సమానము. దీన్ దయాళ్ సంస్థ పటములు నేటికిని చరిత్రకు పనికివచ్చుటకు గల కారణములలో ఒకటి అవి సంఖ్యలతో, వివరములతో భద్రపడుటయే. అందు ప్రభువుల పేర్లున్నవి. తెఱలు వాయించినవారి పేర్లు లేవు. ఆ కొఱతను మన తరము పునరావృత్తి చేయరాదు.

కావున తెలుగు సంఘములకును, తెలుగు బోధించు పాఠశాలలకును నా విన్నపము. తీసిన ప్రతి క్రీడాపటమునకు ఆటగాని పేరు, ఊరు, ఆట, తేదీ తెలుగున వ్రాయుడు. మా వంటి చోట్ల ప్రక్కనే కన్నడమునను వ్రాయుడు. ఓడిన జట్టు పేర్లు సైతము వ్రాయుడు. పెట్టెలలో మ్రగ్గుచున్న పాత ఫిలిములను, గాజు పలకలను ఎండకును తేమకును దూరముగ ఉంచి, వాని నకళ్ళు తీయించుడు. అందున్న ముఖములను గుర్తింపగల పెద్దలు జీవించియుండగనే వారి చెంత కూర్చుండి పేర్లు అడుగుడు. యంత్రము క్షణమును పట్టగలదు. ఆ క్షణము ఎవరిదో చెప్పవలసినవారము మనమే.